పాత బోర్డుకు బయోస్ అప్‌డేట్: నో డిస్‌ప్లే రాకుండా, వచ్చినా బయటపడేలా

ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న మదర్‌బోర్డులు 2011 నాటివి. అయినా జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో, పిల్లల చదువు బల్లల మీద ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటిని ఇంకొన్నేళ్ళు నడిపించడానికి చవకైన దారి ఒకటుంది. సాకెట్లో ఉన్న రెండో తరం ఐ3 తీసేసి, సెకండ్ హ్యాండ్‌లో దొరికే మూడో తరం ఐ5-3470 లాంటిది పెట్టుకోవడం. ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామే బయోస్. చాలామందికి దానితో పని పడేది అప్పుడే. కొత్త వెర్షన్ కనబడింది కదా అని మాత్రం పాత బోర్డు బయోస్‌ను ముట్టుకోవద్దు. ఏ పని కోసం మారుస్తున్నామో తెలిసి, ఆ పని బయోస్ మారిస్తేనే అవుతుందని తేలాకే దిగాలి.

సమస్య: ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది, ఎఫ్1 నొక్కమంటోంది

దీనికి బయోస్ అప్‌డేట్ అక్కర్లేదు. బోర్డు మీదున్న గుండ్రటి 2032 సెల్ అయిపోయింది. కొత్త సెల్ మీటరులో 3 వోల్టులు చూపిస్తుంది. 2.7కు దిగిందంటే మార్చేయండి. ఆన్ అయి, ఆగి, మళ్ళీ ఆన్ అవుతూ బీప్‌లు కొడుతుంటే ముందు ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో తుడిచి, స్లాటు మార్చి పెట్టి చూడండి. బయోస్ పోయిందనుకుని తెచ్చే బోర్డుల్లో చాలావాటికి ఈ రెండు పనులతోనే నయమైపోతుంది.

సమస్య: మూడో తరం ప్రాసెసర్ పెడితే ఫ్యాన్ తిరుగుతోంది, తెర మీద ఏమీ రావడం లేదు

మూడో తరం ప్రాసెసర్లు 2012లో వచ్చాయి. అంతకుముందు తయారైన చాలా బయోస్‌లలో వాటికి కావలసిన మైక్రోకోడ్ (ప్రాసెసర్‌కు అందాల్సిన లోపలి కోడ్) ఉండదు. అదొక్కటే కాదు. ఇంటెల్ 6 సిరీస్ బోర్డుల్లో మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే మరో ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే ప్రోగ్రామ్) కూడా అదే చిప్‌లో ఉంటుంది. మూడో తరానికి అది 7వ వెర్షన్ నుంచి 8కి మారాలి. అందుకే కొన్ని కంపెనీలు నేరుగా చివరి వెర్షన్‌కు పోనివ్వవు. ముందు ఫలానా వెర్షన్ ఎక్కించి, తర్వాతే మిగతాది ఎక్కించమంటాయి. డౌన్‌లోడ్ పేజీలో వెర్షన్ కింద చిన్న అక్షరాల్లో ఉండే ఆ రెండు లైన్లే అన్నిటికన్నా ముఖ్యం. వాటిని పూర్తిగా చదివాకే ఫైలు దింపుకోండి.

ప్రాసెసర్ కొనకముందే చిప్‌సెట్ చూసుకోండి. బీ65, క్యూ65, క్యూ67 చిప్‌సెట్లకు మూడో తరం మద్దతు లేదు, సాకెట్ అదే ఎల్‌జీఏ1155 అయినా సరే. హెచ్61, హెచ్67, పీ67, జడ్68 బోర్డులకు బయోస్ మారిస్తే కుదురుతుంది. కంపెనీ బిగించి ఇచ్చిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ అయితే చిప్‌సెట్‌ను బట్టి లెక్క వేసుకోకండి. ఆ మోడల్ ప్రాసెసర్ జాబితాలో మీది ఉంటేనే నమ్మండి.

పరిష్కారం: పాత ప్రాసెసర్‌నే తిరిగి పెట్టండి. కొత్తదానితో డిస్‌ప్లేనే రాదు కాబట్టి అప్‌డేట్ పాతదాని మీదే జరగాలి. అప్‌డేట్ అయ్యాక ఒకసారి సెటప్‌లోకి (బయోస్ సెట్టింగుల తెరలోకి) వెళ్ళి కొత్త వెర్షన్ నంబరు చూసి, కరెంటు తీసేసి, అప్పుడు ప్రాసెసర్ మార్చండి. పాత ప్రాసెసర్‌ను ముందే అమ్మేసిన వాళ్ళు షాపులో ఒక గంటసేపు అరువడిగి తెచ్చుకోవడం మేలు.

ఏఎమ్‌డీ వైపూ ఇదే కథ. 2017 నాటి బీ350 బోర్డులకు రైజెన్ 5000 మద్దతు అధికారికంగా 2022లో వచ్చింది. అయితే బయోస్ చిప్ 16 ఎంబీయే ఉన్న కొన్ని బోర్డుల్లో కొత్తవాటికి చోటు కోసం పాత ప్రాసెసర్ల మద్దతు తీసేశారు. కొత్త బయోస్ ఎక్కాక మీ పాత చిప్ మళ్ళీ లేవకపోవచ్చు. అది కూడా ముందే చూసుకోవాలి.

సమస్య: సెటప్‌లోని ఫ్లాష్ టూల్ పెన్‌డ్రైవ్‌ను చూడటం లేదు, ఫైలు చెల్లదంటోంది

పెన్‌డ్రైవ్ కనబడకపోతే అది ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. చిన్న సైజు పెన్‌డ్రైవ్ తీసుకుని, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పిన ఫైలు మాత్రమే అందులో వేసి, వెనుక వైపు యూఎస్‌బీ 2.0 పోర్టుకు పెట్టండి. ముందు ప్యానెల్ వైర్లను నమ్మకండి.

ఫైలు చెల్లదంటే అక్కడితో ఆగిపోండి. అది మీ బోర్డు ఫైలు కాకపోవచ్చు. బలవంతంగా ఎక్కించే టూళ్ళ కోసం వెతికిన చోటే బోర్డులు పోతాయి. డబ్బా మీదో బిల్లు మీదో ఉన్న పేరు కాకుండా బోర్డు మీదే అచ్చయిన మోడల్ పేరు చదవండి. గిగాబైట్ బోర్డులకు మూలన రివిజన్ నంబరు కూడా ఉంటుంది. ఒకే పేరున్నా రివిజన్ మారితే బయోస్ వేరు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట సెకండ్ హ్యాండ్‌లో కొన్న బోర్డయితే ఈ పరిశీలన మరీ అవసరం.

ఎక్కించడానికి విండోస్‌లో నడిచే టూల్ వద్దు. ఆసుస్‌కు ఈజీ ఫ్లాష్, గిగాబైట్‌కు క్యూ-ఫ్లాష్, ఎంఎస్ఐకి ఎం-ఫ్లాష్, ఏఎస్‌రాక్‌కు ఇన్‌స్టంట్ ఫ్లాష్ బయోస్‌లోనే ఉంటాయి. అదే టూల్‌లో పాత బయోస్‌ను పెన్‌డ్రైవ్‌కు సేవ్ చేసే వీలుంటే ముందు అది చేయండి. సెటప్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా డిస్కు ఏ పద్ధతిలో నడవాలో చెప్పే సాటా మోడ్ పేజీ.

సమస్య: కరెంటు మీద నమ్మకం లేదు

రాత మధ్యలో కరెంటు పోతే చిప్‌లో సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. యూపీఎస్ ఉందనుకుంటే చాలదు, దాని బ్యాటరీ బతికి ఉండాలి. కంప్యూటర్ మామూలుగా నడుస్తుండగా గోడ స్విచ్ ఆపేసి పది నిమిషాలు చూడండి. నిలబడితే బ్యాటరీని మళ్ళీ నిండా ఛార్జి కానిచ్చి, అప్పుడు దిగండి. ఇంటి ఇన్వర్టర్ మీద ఆధారపడేవాళ్ళు దాని వెనుక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదముంది. ఎండాకాలం సాయంత్రం గాలివాన వేళ అసలు పెట్టుకోకండి. ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్, ర్యామ్ వేగం పెంచిన సెట్టింగు) ఏదైనా ఉంటే తీసేసి డిఫాల్ట్ సెట్టింగులకు వచ్చాకే మొదలుపెట్టండి.

సమస్య: బార్ కదలడం లేదు, లేదా మధ్యలో ఎర్రర్ వచ్చింది

రాయడం కొన్ని నిమిషాల పని. మేనేజ్‌మెంట్ ఇంజిన్ కూడా మారుతుంటే తెర నల్లబడి తనంతట తానే రెండు మూడు సార్లు రీస్టార్ట్ కావచ్చు. ఆ సమయంలో పవర్ బటన్ మీద చెయ్యి వేయొద్దు. అరగంట దాటినా చలనం లేకపోతేనే ఆగిపోయిందనుకోండి.

ఎర్రర్ చూపించి టూల్ ఇంకా తెర మీదే ఉందంటే కంప్యూటర్ ఆపకండి. అప్పటికి నడుస్తున్న ప్రోగ్రామ్ ర్యామ్‌లో ఉంది, చిప్‌లో ఏముందన్న దానితో దానికి పని లేదు. అక్కడి నుంచే సరైన ఫైలుతోనో, సేవ్ చేసుకున్న పాత ఫైలుతోనో మళ్ళీ ఎక్కించండి. ఒకసారి ఆపేశాక ఈ అవకాశం ఉండదు.

సమస్య: అప్‌డేట్ అయింది, విండోస్ మాత్రం లేవడం లేదు

సెట్టింగులు మొదటికి పోయాయి. బ్లూ స్క్రీన్ వస్తే సాటా మోడ్ ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకో, అటు నుంచి ఇటో మారి ఉంటుంది. ఫొటో చూసి ఎలా ఉండేదో అలా పెట్టండి. బూట్ డివైస్ లేదంటే బూట్ పద్ధతి యూఈఎఫ్ఐ, లెగసీల్లో ఏ మోడ్‌లో ఉందో చూడండి. రైజెన్ బోర్డుల్లో ఫర్మ్‌వేర్ టీపీఎమ్ (భద్రతా కీలు దాచే భాగం) రీసెట్ అయి, విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ముందే రాసి పెట్టుకుని, అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయాలి. కీ లేకపోతే ఆ డిస్కులోని ఫొటోలు, ఫైళ్ళు పోయినట్టే.

సమస్య: బోర్డు పూర్తిగా నో డిస్‌ప్లే

ముందు కరెంటు తీసి, సెల్ తీసి, బయోస్ సెట్టింగులను చెరిపే క్లియర్ సీమాస్ జంపర్ కలిపి, కాసేపాగి మళ్ళీ పెట్టండి. దాంతో లేవకపోతే బోర్డులో ఉన్న దారి వెతకండి. గిగాబైట్‌లో డ్యుయల్ బయోస్ ఉంటే రెండో చిప్ తనంతట తానే మొదటిదాన్ని సరిచేస్తుంది. ఆసుస్‌లో క్రాష్‌ఫ్రీ అనే రికవరీ సదుపాయం ఉంటే మాన్యువల్‌లో చెప్పిన పేరుతో ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంచి ఆన్ చేయాలి.

ఇవేవీ లేకపోతే మిగిలింది సీహెచ్341ఏ ప్రోగ్రామర్, అంటే బయోస్ చిప్‌ను బయటి నుంచి చదివి రాసే యూఎస్‌బీ పరికరం. పాత బోర్డుల్లో చాలావాటికి ఎనిమిది కాళ్ళ బయోస్ చిప్ సాకెట్లోనే ఉంటుంది, మెల్లగా పైకి తీయవచ్చు. చుక్క ఉన్న మొదటి కాలు ఎటుందో తీయకముందే ఫొటో తీసుకోండి. ఇలాంటి పాత బోర్డుల్లో ఈ చిప్‌లు సాధారణంగా 3.3 వోల్టులవి. నల్లరంగు సీహెచ్341ఏల్లో డేటా లైన్ల మీద 5 వోల్టులు వస్తాయని తెలిసిందే, కాబట్టి మీటరు పెట్టి చూశాకే వాడండి. మొదట చిప్‌లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి రెండు ఫైళ్ళనూ పోల్చండి. తేడా వస్తే కనెక్షన్ సరిగా లేదు, అప్పుడు రాయకూడదు. సగం చెడిన ఆ ఫైలును కూడా పారేయకండి. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ లాంటి మీ బోర్డు వివరాలు కొన్ని బోర్డుల్లో అందులోనే ఉంటాయి. వేరే బోర్డు నుంచి తీసిన డంప్ (చిప్ మొత్తం కాపీ) రాస్తే ఆ బోర్డు వివరాలే మీకొస్తాయి. షాపుకిచ్చేవాళ్ళు కూడా రాయడానికి ముందు పాతది చదివి కాపీ ఇవ్వమని అడగండి.