తెగే దారంతో పతంగి ఎగరేయడం

సంక్రాంతికి వారం ముందు నుంచే వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల దుకాణాల ముందు పతంగులు వేలాడుతుంటాయి. మా ఉత్తర తెలంగాణలో పతంగి అనడమే వాడుక. గాలిపటం అనేది మేము బడి పుస్తకంలో నేర్చుకున్న మాట. కొనడానికి వచ్చినవారు మొదట రంగు చూస్తారు, తర్వాత సైజు చూస్తారు, డబ్బులిచ్చి కదిలేటప్పుడు దారం సంగతి అడుగుతారు. ఈ వరుస మారాలి. పతంగి ఎంత చవకదైనా, సరిగ్గా కడితే, గాలి ఉంటే లేస్తుంది. అది మీ చేతికి ఎంత ఆనందమిస్తుందో, దారిన పోయేవారి మెడకు ఎంత ముప్పు తెస్తుందో తేల్చేది దారమే. అందుకే దారంతోనే మొదలుపెడుతున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో మాంజా, అంటే ఎదుటివారి పతంగిని తెంపడానికి వాడే పదునైన దారం, అడిగితే, “ఇది తెగనే తెగదన్నా, పండుగ మొత్తం ఎగరేసుకోవచ్చు” అని చెప్పి ఒక రీలు చేతిలో పెట్టారు. అది నైలాన్ అని నాకు ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు. తెగదన్న మాట నిజమే. పతంగి వేపచెట్టుకు చిక్కుకున్నప్పుడు దారాన్ని చేతితో తెంపబోయి చూపుడువేలు లోతుగా కోసుకున్నాను. చెట్టు మీద మిగిలిన దారం పండుగ పోయి, ఎండాకాలం పోయి, వానలు పడేదాకా అలాగే వేలాడింది. ఆలోగా ఒక రామచిలుక రెక్క దానిలో ఇరుక్కుంది. నిచ్చెన వేసి, పక్షిని తువ్వాలులో చుట్టి, కత్తెరతో దారం కోసి విడిపించాను గానీ అది మళ్లీ సరిగ్గా ఎగరలేదు. అప్పటి నుంచి నేను దుకాణంలో అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది తెగుతుందా?

నూలు దారాన్నీ నైలాన్ దారాన్నీ గుర్తుపట్టడం కష్టం కాదు. రెండంగుళాల ముక్క కత్తిరించి, ఆరుబయట అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలు కాగితంలా మండి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిదను మిగులుస్తుంది. నైలాన్ మండడానికి ముందే ముడుచుకుని కరిగి, కొసన గట్టి పూసలా తయారవుతుంది. ఆ పూస చల్లారేదాకా ముట్టుకోకూడదు. చైనా మాంజా అని జనం పిలిచేది ఈ రెండో రకమే. పేరులో చైనా ఉన్నా అది చాలావరకు మన దేశంలోనే తయారవుతుంది. నైలాన్ లేదా ఇతర కృత్రిమ దారంతో చేసిన మాంజా తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. అయినా అది దొంగచాటుగా దొరుకుతూనే ఉంటుంది కాబట్టి, అగ్గిపుల్ల పరీక్ష మానకండి.

ఈ దారం ఎందుకంత ప్రమాదకరమో పిల్లలకు కూడా విడమరచి చెప్పాలి. రోడ్డుకు అడ్డంగా వాలిన నూలు దారం బండి మీద వెళ్లేవారికి తగిలితే, కొంత బిగువు దాటగానే తెగిపోతుంది. నైలాన్ సాగుతుందే తప్ప తెగదు. బండి వేగమంతా ఆ సన్నని గీత మీదికి చేరి, మెడను రంపంలా కోస్తుంది. గాజుపొడిని అన్నం ముద్దతోనో సగ్గుబియ్యం గంజితోనో కలిపి దారానికి పట్టించే పాత పద్ధతి మాంజా నూలుదే అయినా, దానికీ పదును ఉంటుంది. పెద్దలు కొందరు దాన్ని సంప్రదాయమని సమర్థిస్తారు. నేను మాత్రం పిల్లల చేతికి సాదా నూలు దారం తప్ప మరేదీ ఇవ్వను. ఎనుమాముల మార్కెట్‌కు ప్రతి ఏడాది అంత పత్తి వచ్చే ఊరిలో, ఒకప్పుడు అజంజాహి బట్టల మిల్లు నడిచిన ఊరిలో, నూలు దారం కోసం నాలుగు దుకాణాలు తిరగవలసి రావడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇక పతంగి. కొనేటప్పుడు దాన్ని వెలుతురుకు ఎత్తి, కాగితానికి చిల్లులు లేవని చూసుకోండి. నిలువు పుల్ల నిటారుగా ఉండాలి. విల్లులా వంచిన అడ్డపుల్ల, అంటే కమాను, రెండు వైపులా ఒకేలా వంగాలి. ఒక పక్క మందంగా ఉంటే ఆ పతంగి జీవితాంతం అటువైపే మొగ్గుతుంది. ఇంట్లో చేసుకోవాలనుకుంటే వార్తాపత్రిక కాగితం, రెండు కొబ్బరి చీపురు పుల్లలు, మైదాపిండి ఉడికించిన లై చాలు. అటువంటి పతంగి బరువుగా ఉంటుంది కాబట్టి కాగితపు తోక అతికించాలి. తోక ఉంటే చురుకుదనం తగ్గి నిలకడ పెరుగుతుంది. మా బాపు నాకు మొదట చేసిచ్చింది తోక పతంగే, మొదటిసారి ఎగరేసేవారికి నేటికీ అదే సరైనదని నా అభిప్రాయం.

పతంగి లేవకపోతే చాలామంది గాలిని తిడతారు, కానీ తప్పు ఎక్కువసార్లు సూత్రంలో, అంటే ఎగరేసే దారాన్ని తగిలించడానికి పతంగికి ముందుగా కట్టే దారంలో ఉంటుంది. కమాను, నిలువు పుల్ల కలిసే చోట పుల్లకు రెండు పక్కలా చిన్న రంధ్రాలు చేసి దారం కట్టాలి. కింది కొసకు కొంచెం పైన, పుల్ల పొడవులో సుమారు నాలుగో వంతు దగ్గర, అలాగే రెండో కొస కట్టాలి. ఈ రెండూ కలిసే చోట వేసే ముడి అసలు కీలకం. గాలి మెల్లగా ఉన్న రోజు పై దారమూ కింది దారమూ సమానంగా ఉండాలి. గాలి గట్టిగా వీస్తుంటే పై దారాన్ని అరంగుళం కురచ చేయాలి. అప్పుడు పతంగి గాలికి తక్కువగా ఎదురొడ్డుతుంది, చేతికి లాగుడు తగ్గుతుంది, కాగితం చిరగదు. ముడి పట్టుకుని పతంగిని వేలాడదీస్తే రెండు రెక్కలూ సమంగా నిలవాలి. గాలిలోకి వెళ్లాక అది కుడికే వాలుతుంటే ఎడమ రెక్క కొసకు చిన్న కాగితపు ముక్క చుట్టండి, ఎడమకు వాలితే కుడి కొసకు. ఈ చిన్న సవరింపుతో బాగుపడిన పతంగులను ఎన్నింటినో చూశాను. చేయక పారేసినవి అంతకంటే ఎక్కువ.

గాలి విషయానికి వస్తే, జనవరిలో మా ప్రాంతంలో తెల్లవారుజామున మంచు కమ్మి, గాలి దాదాపు ఉండదు. పది గంటలు దాటి నేల వేడెక్కాక అది మెల్లగా లేస్తుంది, సాయంత్రం ఐదు తర్వాత పడిపోతుంది. ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే గాలి వేగం గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు ఉన్నట్టు, అది మంచి గాలి. దుమ్మూ చిత్తుకాగితాలూ పైకి లేస్తుంటే 20 దాటినట్టు, అప్పుడు చిన్నపిల్లలకు దారం ఇవ్వకపోవడం మేలు. గాలి తరచూ తూర్పు దిక్కుల నుంచి వీస్తుంది కాబట్టి, వీపు గాలికి పెట్టి నిలబడితే పతంగి పడమటి వైపు పోతుంది. పొద్దున సూర్యుడు వెనుక ఉంటాడు. మధ్యాహ్నం తర్వాత సరిగ్గా కళ్లలో పడతాడు. చలువ కళ్లద్దాలు షోకు కోసం కాదని చెప్పడానికే ఇంత వివరించాను. కొంగలు, చిలుకలు గూటి నుంచి బయలుదేరేదీ తిరిగి చేరేదీ పొద్దున, మాపున. ఆ వేళల్లో గాలి ఎలాగూ ఉండదు కాబట్టి, అప్పుడు దారం చుట్టేస్తే మనకు పోయేదేమీ లేదు. భద్రకాళి చెరువు పరిసరాల్లో ఉండేవారికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

చోటు ఎంచుకోవడంలో మా ఊరి వారికి కొంత అదృష్టం ఉంది. హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానం వంటి విశాలమైన చోటైతే చెట్లూ తీగలూ దూరంగా ఉంటాయి. పల్లెల్లో అయితే వానాకాలం వరి కోసి, యాసంగి నాట్లకు ఇంకా దమ్ము చేయని మడి కంటే మంచి చోటు లేదు. చెరువు కట్టలు అందంగా ఉంటాయి గానీ వాటి మీద బండ్లు తిరుగుతుంటే ఆ ఆలోచన విడిచిపెట్టండి. అన్నట్టు, 2024 దాకా అమల్లో ఉన్న 1934 నాటి విమాన చట్టం ఇచ్చిన నిర్వచనంలో పతంగి కూడా ఒక విమానమే. పిల్లలకు చెబితే మురిసిపోతారు. విమానాశ్రయాల దగ్గర పతంగి ఎగరేయకూడదన్న సంగతి కూడా ఆ వెంటనే చెప్పవచ్చు.

ఎగరేయడానికి పరుగెత్తనవసరం లేదు. పరుగెత్తేవాడు వెనక్కి చూస్తూ ముందుకు పోతాడు, గుంతలో పడతాడు. ఒకరు పతంగిని పట్టుకుని గాలి పోయే దిక్కున ఇరవై అడుగుల అవతల నిలబడాలి. దారం బిగువుగా ఉండాలి. గాలి వీచిన క్షణంలో వారు వదలాలి, మీరు రెండు మూడు బారలు చకచకా లాగాలి. తోక లేని పతంగి గుణం ఇక్కడే తెలుస్తుంది. దారం లాగినప్పుడు కమాను వెనక్కి వంగి, పతంగి నిలకడగా, తల ఎటు ఉంటే అటు దూసుకుపోతుంది. దారం వదులు చేయగానే మళ్లీ చదునై, నిలకడ తప్పి గిరగిరా తిరుగుతుంది. తల మీకు కావలసిన వైపు తిరిగిన క్షణంలో లాగడం, అంతే, మొత్తం విద్య ఇదే. ఇది మాటలతో రాదు. వేలి మీద దారం సన్నగా వణుకుతుంటే పైన గాలి మారిందని తెలిసిపోయే రోజు ఒకటి వస్తుంది. ఆ వణుకు కోసమే నలభై దాటినా నేను మిద్దె ఎక్కుతున్నాను.

పేంచి, అంటే ఒకరి దారంతో మరొకరి దారం తెంపే పోటీ, వేయాలని ఉంటే, అవతలివారితో ముందే మాట్లాడుకుని ఇద్దరూ సాదా దారమే వాడండి. దారాలు ముడిపడ్డాక కొందరు ఢీల్ ఇస్తారు, అంటే దారం వదులుతూ పోతారు, కొందరు లాగుతారు. ఏది చేసినా ఆపకూడదు, ఎందుకంటే కదిలే దారం కదలని దారాన్ని ఒకే చోట ఒరిసి తెంపుతుంది. గాజు మాంజాతో క్షణంలో ముగిసే పోటీ సాదా దారంతో చాలాసేపు సాగుతుంది. ఓడిపోతే పతంగి వడ్డేపల్లి వైపో కాజీపేట వైపో ఊగుతూ పోతుంది. చిన్నప్పుడు దానికి ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు నా కొడుకు ఏడుస్తాడు. వాడికి మరో పతంగికి సూత్రం కట్టిస్తాను. అన్నిటికంటే పెద్ద నిరాశ మాత్రం పండుగ నాడు గాలి లేకపోవడం, దానికి మందు లేదు.

తెగిన పతంగి వెంట పిల్లలను పరుగెత్తనివ్వకండి; వారి చూపు ఆకాశం మీద, కాళ్లు రోడ్డు మీద ఉంటాయి. మిద్దె మీద ఎగరేసేటట్టయితే పిట్టగోడ కనీసం పిల్లల ఛాతీ ఎత్తు ఉండాలి, సజ్జ మీదికి దిగకూడదు, వెనక్కి నడవకూడదు. కరెంటు తీగల మీద పడిన పతంగిని మరచిపోవాలి. ఇనుప చువ్వతో, తడి కట్టెతో, దోటితో దాన్ని లాగబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. వీధిలో పోయే పెద్ద లైను 11,000 వోల్టులది. కాజీపేట రైలు పట్టాల మీది తీగలో ఉండేది 25,000 వోల్టులు, దాన్ని తాకకపోయినా దగ్గరికి పోతే చాలు, కరెంటు దూకుతుంది. తీగ తెగి కింద పడితే దూరంగా నిలబడి 1912కు ఫోన్ చేయండి. పండుగ నాలుగు రోజులూ బండి నడిపేవారు మెడకు మందమైన మఫ్లర్ చుట్టుకుని, హెల్మెట్ అద్దం దించి, నెమ్మదిగా పోవాలి. చిన్నపిల్లలను ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవద్దు. ఎవరికైనా మెడ తెగితే శుభ్రమైన గుడ్డతో గాయం మీదే గట్టిగా అదిమి పట్టి 108ను పిలవాలి. మెడ చుట్టూ కట్టు బిగించకూడదు.

పండుగ ముగిశాక మరో పని ఉంది. కనుమ మరునాడు పిల్లలను వెంటబెట్టుకుని మిద్దె మీద, చెట్ల కింద, గేటు ముందు పడి ఉన్న దారమంతా ఏరించండి. బాగున్న నూలు చరఖాకు, అంటే దారం చుట్టే చక్రానికి, చుట్టి పొడి చోట దాచండి. చిక్కుపడినదాన్ని, ఎవరిదో వచ్చిపడిన నైలాన్‌ను, జానెడు కంటే చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి. అలా చేస్తే చెత్తకుప్పలో పక్షి కాలికి చుట్టుకోదు. కత్తెర పెద్దవారి చేతిలో ఉండాలి.