టెలీ లెన్స్ కొనే ముందు ఇవి చూసుకోండి

చలికాలం పిట్టల కోసం కోరింగ వైపు కెమెరాలు కదిలే రోజులొచ్చాయి. అంతా డిజిటల్ అయ్యాక ఫిల్ము నాటి పెద్ద టెలీ లెన్సులు (దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపేవి) సెకండ్‌హ్యాండ్‌లో ఊరిస్తుంటాయి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్కమాట.

మౌంట్ (లెన్స్ కెమెరాకి బిగే చోటు): డబ్బు మునిగేది ఇక్కడే. కెనాన్ 1987లో ఈఎఫ్ మౌంట్‌కి మారింది. అంతకుముందరి ఎఫ్‌డీ లెన్స్ ఈఎఫ్ డిజిటల్ కెమెరా బాడీకి నేరుగా బిగదు. నికాన్ డీ3500, డీ5600 బాడీల్లో ఫోకస్ మోటార్ లేదు; సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డీ లెన్స్ ఎక్కుతుంది గానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఎగిరే కొంగ దానికి దొరకడం కష్టం. మీ బాడీకే బిగించి, దూరంగా ఉన్న కొబ్బరి మొవ్వు మీద ఫోకస్ పెట్టి చూశాకే బేరం.

ఫంగస్: మన తేమకి ఇది ఇట్టే పట్టేస్తుంది. వెనక నుంచి టార్చి వేయండి. లోపల సాలెగూడు పోగుల్లా కనిపిస్తే వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులకి మాత్రం కంగారొద్దు. కొన్నాక సిలికా జెల్ వేసిన, గాలి చొరని డబ్బాలో పెట్టండి. తోలు సంచిలో కాదు.

సెన్సార్: నికాన్ క్రాప్ బాడీ (చిన్న సెన్సార్ ఉన్నది) మీద 300 ఎంఎం లెన్స్, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్నది) మీద 450 అంత దగ్గరగా చూపిస్తుంది. 500 కోసం అప్పు చేసే ముందు ఈ లెక్క వేసుకోండి.

బిల్లు: సీరియల్ నంబరు లెన్స్ మీదా బిల్లు మీదా ఒకటేనా? వారంటీ ఇండియాలో చెల్లుతుందా?

బరువు: పడవలో ఇంజను అదురుకి ట్రైపాడ్ పెద్దగా పనికిరాదు. కొట్లోనే చేత్తో ఎత్తి పట్టుకుని చూడండి.