తుక్కు ఇనుముతో పులి బొమ్మా? వెల్డింగ్‌కు ముందు ఇవి చూసుకోండి

మహబూబ్‌నగర్‌లో పాత బైక్ చైన్లు, స్ప్రింగులు ఏరుకొచ్చి అమ్రాబాద్ అడవి పులిని చేయబోతున్నారా, చాలా సంతోషం, కానీ ముందు సామాను వేరుచేయండి.

పాత పెట్రోల్ ట్యాంకు పులి పొట్టకు అచ్చం సరిపోతుంది, ఆశ పుడుతుంది, అయినా వదిలేయండి, ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి మిగిలి ఉంటే నిప్పురవ్వకే పేలుతుంది. షాక్ అబ్జార్బర్లూ వదిలేయండి, గట్టిగా మూసి ఉంటాయి కాబట్టి వేడికి అవీ పేలతాయి.

జీఐ పైపులు, రేకులు పక్కన పెట్టండి. వాటి మీది జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది, ఆ తెల్లపొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది. తప్పదంటే పూత మొత్తం గీకేసి, ఆరుబయటే అతకండి.

కాటన్ చొక్కా, తోలు గ్లౌజులు, వెల్డింగ్ హెల్మెట్. పక్కన ఇసుక బకెట్.

చూడ్డానికొచ్చిన పిల్లల్ని మాత్రం ముందే దూరంగా పంపేయండి, వాళ్ల కళ్లకు అద్దం ఉండదు కదా.