బైక్ ఇంజిన్ విపరీతంగా వేడెక్కితే ఏం చేయాలి?

యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి లాగదు. ఎత్తు ఎక్కుతుంటే డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు ఇంజిన్‌లోంచి టకటకమని శబ్దం. ఆగిన చోట న్యూట్రల్ పడదు. మోకాళ్లకు రోజూ తగిలే సెగ కన్నా ఎక్కువ తగులుతుంది, కాలిన ఆయిల్ వాసన వస్తుంది. వీటిలో రెండు ఒకేసారి కనిపించాయంటే ఇంజిన్ హద్దు దాటి వేడెక్కిందనే అర్థం. రేడియేటర్ ఉన్న బండైతే మీటర్‌లో టెంపరేచర్ లైటు కూడా వెలుగుతుంది.

ఇంకెంత, రెండు కిలోమీటర్లే కదా అని మాత్రం లాగించకండి. సిలిండర్ లోపల పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండే ఖాళీ మిల్లీమీటరులో వందో వంతులతో కొలిచేంత సన్నం. అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచిస్తే ఆ ఖాళీ తగ్గుతుంది, మధ్యలో ఉన్న ఆయిల్ పొర పలచబడుతుంది. అది కూడా తెగిపోతే పిస్టన్ గోడను గీరుకుంటూ వెళ్లి పట్టేస్తుంది. ఆ తర్వాత బోరు చేయించి, అంటే సిలిండర్ లోపలి గోడను చెక్కించి, పిస్టన్ మార్చుకోవాల్సిందే.

1. బండి పక్కకు తీసి ఆపండి

యాక్సిలరేటర్ తగ్గించి, ఇండికేటర్ వేసి, రోడ్డు పక్కకు రండి. నీడ దొరికితే మంచిది. ఇంజిన్ ఆపేయండి. గాలితో చల్లబడే ఇంజిన్‌కు బండి కదిలితేనే గాలి తగులుతుంది కాబట్టి, నిలబెట్టి ఐడిలింగ్‌లో ఉంచితే చల్లబడదు, ఇంకా వేడెక్కుతుంది.

నడుపుతుండగానే ఇంజిన్ బిగుసుకుపోతున్నట్టు, వెనక చక్రాన్ని ఎవరో పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే మిగతావన్నీ తర్వాత, ముందు క్లచ్ పూర్తిగా నొక్కండి. క్లచ్ వదిలి ఉంటే ఇంజిన్‌తో పాటు వెనక చక్రం కూడా పట్టేసి బండి జారి పడుతుంది. ఇది మీ ప్రాణానికి సంబంధించిన సంగతి.

2. నీళ్లు పోయకండి, రేడియేటర్ మూత తీయకండి

సెగలు కక్కుతున్న ఇంజిన్‌ను చూడగానే చేతిలోని బాటిల్ నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి. నీళ్లు పడిన చోటు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, పక్క భాగం వేడిగానే ఉంటుంది. అలాంటప్పుడు సిలిండర్ హెడ్ వంకరపోవచ్చు, పగులు కూడా రావచ్చు.

రేడియేటర్ మూత ఇంకా ప్రమాదం. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, మరుగుతూ ముఖం మీదకే చిమ్ముతుంది. గుడ్డ చుట్టి తీస్తే ఏం కాదనుకోవద్దు. రేడియేటర్ చల్లబడేదాకా దాని జోలికి వెళ్లకండి.

3. ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి

రేడియేటర్ బండ్లకు మాత్రమే. ఇంజిన్ ఆపాక స్టార్ట్ చేయకుండా తాళం చెవిని ఆన్‌లో పెట్టి వినండి. ఇంజిన్ అంత వేడిగా ఉన్నప్పుడు చాలా బండ్లలో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజ్, వైరింగ్, ఫ్యాన్ మోటార్‌లలో ఏదో పోయి ఉండొచ్చు, ఆ బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి. తిరుగుతుంటే తాళం ఆఫ్ చేసి చల్లారనివ్వండి.

4. కనీసం అరగంట ఆగి, ఆయిల్ చూడండి

గాలితో చల్లబడే ఇంజిన్ తరచూ వేడెక్కుతుంటే నేను ముందు అనుమానించేది ఆయిల్‌నే. ఇంజిన్ లోపలి వేడిని మోసుకొచ్చేది అదే కాబట్టి, తగ్గిపోతే ఉన్న కాస్త ఆయిలే మొత్తం వేడిని మోయాలి.

బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి, లేదా ఎవరినైనా నిటారుగా పట్టుకోమనండి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. ఇంజిన్ కింది వైపు గుండ్రటి అద్దం ఉంటే ఆయిల్ అంచు పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) అయితే తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. దాన్ని మర తిప్పి బిగించాలా, ఊరికే ఆనించాలా అన్నది బండి పుస్తకంలో ఉంటుంది, ఎందుకంటే ఆ చిన్న తేడాకే కొలత మారిపోతుంది. ఒక చుక్కను వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లగా ఉండటం పెద్ద తప్పేం కాదు. నీళ్లలా పలచగా ఉన్నా, మాడిన వాసన వచ్చినా మార్చేయాల్సిందే.

కింది గీతకన్నా తక్కువుంటే నింపాకే స్టార్ట్ చేయండి. చాలా గేర్ల బండ్లలో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (JASO MA, MA2: ఇలాంటి క్లచ్‌కు సరిపోయే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉన్నది పోయాలి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది, జారే క్లచ్ కూడా వేడే.

కూలెంట్ ఉన్న బండికైతే పక్కనున్న రిజర్వ్ ట్యాంకులో మట్టం చూడండి. తగ్గి ఉంటే పైపుల దగ్గర కారుతోందేమో వెతకండి. మరీ తప్పనిసరైతే అప్పటికి మంచినీళ్లు పోసి నెమ్మదిగా వెళ్లి, తర్వాత అంతా తీయించి కూలెంట్ నింపించండి. కూలెంట్ తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.

5. అసలు కారణం పట్టుకోండి

నా బండి ఒకసారి వారం రోజులు ఇలాగే సతాయించింది. ఆయిల్ మార్పించాను, స్పార్క్ ప్లగ్ మార్పించాను, వేడి తగ్గలేదు. చివరికి సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పాను. అర చుట్టు తిరిగి ఆగిపోయింది. కాసేపు నడిపి వచ్చి చూస్తే బ్రేక్ డ్రమ్ దగ్గర చేయి పెట్టలేనంత సెగ. బ్రేక్ మరీ బిగించి ఉండటంతో పాపం ఇంజిన్ వారమంతా బ్రేకుతో కుస్తీ పట్టింది. కాబట్టి డబ్బు ఖర్చయ్యే పనుల కన్నా ముందు రెండు చక్రాలూ తిప్పి చూడండి. చైన్ మరీ బిగువుగా ఉన్నా ఇంజిన్‌కు బరువే.

తర్వాత సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల మధ్య మట్టి, ఆయిల్ జిడ్డు పేరుకుందేమో చూసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్రష్‌తో కడగండి. రేడియేటర్‌ను తక్కువ ఒత్తిడి నీళ్లతోనే కడగాలి, లేకపోతే దాని పలచటి రెక్కలు వంగిపోతాయి. ప్లగ్ విప్పి చూస్తే కొస లేత గోధుమ రంగులో ఉండాలి. తెల్లగా సున్నం వేసినట్టుంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ వెళ్తోందనే అనుమానం. ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు పైపు పగిలిందేమో, కార్బ్యురేటర్ జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రం) పూడుకుందేమో చూపించండి.

ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పాకించడం, పెద్ద గేర్‌లో ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతున్నా లాగించడం మానేయండి. సిగ్నల్ దగ్గర నిమిషం ఆగాల్సి వస్తే ఇంజిన్ ఆపేయండి.

ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడినా, ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ ఆగకపోయినా కూలెంట్ ఇంజిన్ లోపలికి వెళ్తోందేమో. కిక్ కొట్టినా కదలకుండా బిగుసుకుంటే లోపల పట్టేసినట్టే. ఈ మూడింట్లో ఏది కనిపించినా మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకుండా బండిని వ్యాన్‌లో ఎక్కించి మెకానిక్ దగ్గరకు పంపండి.