క్వాడ్ బైకు స్టార్టులో ముందు చక్రాలు లేస్తుంటే: సమస్య, కారణం, పరిష్కారం

రేసు క్వాడ్‌ను, అంటే నాలుగు చక్రాల బైకును, రేసు మొదలయ్యే గేటు దగ్గర నుంచి వేగంగా తీయడం నేర్చుకునేవారికి మొదట ఎదురయ్యే ఇబ్బంది ముందు చక్రాలు గాలిలోకి లేవడం. అవి నేలను తాకనంతసేపు స్టీరింగు పనిచేయదు. చోదకుడు కంగారుపడి థ్రాటిల్ (యాక్సిలరేటర్) వదిలేలోగా పక్క బండి ముందుకు వెళ్ళిపోతుంది. ఈ ఇబ్బంది కనబడగానే చాలామంది స్ప్రింగుల మీద, స్ప్రాకెట్ల (గొలుసు తిరిగే పళ్ళ చక్రాల) మీద డబ్బు పెడతారు. తప్పు ఎక్కువసార్లు క్లచ్ లీవరు పట్టుకునే ఎడమచేతి వేళ్ళలోనూ కూర్చునే తీరులోనూ ఉంటుందని నా అభిప్రాయం. కాబట్టి ముందుగా ఒకరిని పక్కన నిలబెట్టి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయించాలి. చక్రాలు బండి కదిలిన క్షణంలోనే లేస్తున్నాయా, కొంత దూరం పోయాక లేస్తున్నాయా, గేరు మార్చినప్పుడు లేస్తున్నాయా అన్నది తేలితే కారణం సగం దొరికినట్టే.

విశాఖలో ఉన్నవారు ఈ పరీక్షను బీచ్ ఇసుకలో చేయకూడదు. శీతాకాలం చివరి నుంచి వేసవి ఆరంభం దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. అదీగాక వదులు ఇసుకలో వెనుక చక్రాలు ముందే జారిపోతాయి కనుక క్లచ్ తప్పు బయటపడదు. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు రక్షిత ప్రాంతం, అటు బండి తిప్పరాదు. ఆనందపురం వైపు గట్టి ఎర్రనేల ఉన్న ప్రైవేటు స్థలానికి, యజమాని అనుమతి తీసుకుని, బండిని ట్రక్కు మీద తీసుకెళ్ళడం మేలు. హెల్మెట్, బూట్లు, ఛాతీ కవచం వేసుకుని, మణికట్టుకు కట్టుకునే కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజినును ఆపేది) తగిలించుకోకుండా ఒక్క స్టార్టు కూడా చేయకూడదు.

సమస్య 1: క్లచ్ వదిలిన క్షణంలోనే ముక్కు (బండి ముందు భాగం) పైకి లేవడం

కారణం దాదాపు ఎప్పుడూ క్లచ్ ఒక్కసారిగా పట్టుకోవడమే. ఇంజిను అప్పటికే వేగంగా తిరుగుతుంటుంది కాబట్టి, లీవరును చటుక్కున వదిలితే ఆ తిరుగుడులో దాగిన శక్తి అంతా ఒకే దెబ్బగా వెనుక యాక్సిల్‌కు చేరుతుంది. లేడికి లేచిందే పరుగు అన్నట్టు వెళ్ళాలనుకుంటే ఇక్కడ కుదరదు. ఇంజిన్ వేగాన్ని మధ్యస్థంగా, నిలకడగా ఉంచి, ఒకటి రెండు వేళ్ళతో లీవరును క్లచ్ పట్టు మొదలయ్యే చోటిదాకా వదిలి, బండి కదిలాక మిగతాది క్రమంగా వదలాలి. బొటనవేలితో నొక్కే థ్రాటిల్‌ను పూర్తిగా తెరవడం ఆ తర్వాతి మాట. గట్టి నేలమీద 450 సీసీ బండిని మొదటి గేరుకు బదులు రెండవ గేరులో తీస్తే చక్రానికి చేరే టార్కు తగ్గి, ముక్కు చాలావరకు కిందే ఉంటుంది.

చేయి సరిగానే ఉన్నా క్లచ్ కుదుపుతో పట్టుకుంటే లోపం యంత్రంలో ఉన్నట్టు. విశాఖలో నేను మొదట అనుమానించేది కేబులును. ఉప్పుగాలికి లోపలి తీగ తుప్పుపట్టి, ఒక చోట బిగుసుకుని, తర్వాత ఉన్నట్టుండి జారుతుంది. నేను రెండు వారాలపాటు స్ప్రింగులు బిగిస్తూ, వదులు చేస్తూ కాలం వృథా చేసుకున్నాక చివరికి తేలిన దోషం ఇదే. కేబులును విప్పి చూసి, గరుకుగా ఉంటే కొత్తది వేయాలి. లీవరు చివర ఉండాల్సిన ఖాళీ కదలికను బండి మాన్యువల్ చెప్పినట్టు సరిచేయాలి. కేబుల్ బాగుంటే నూనె చూడాలి. తడి క్లచ్ (నూనెలో మునిగి తిరిగే క్లచ్) ఉన్న ఇంజినులో కారు ఇంజిన్ ఆయిల్ పోస్తే అందులోని ఘర్షణ తగ్గించే పదార్థాల వల్ల ప్లేట్లు జారే అవకాశం ఉంది. తడి క్లచ్‌కు సరిపడే జాసో ఎంఏ లేదా ఎంఏ2 ప్రమాణం గుర్తు ఉన్న నూనె వాడాలి. అప్పటికీ కుదుపు పోకపోతే క్లచ్ బాస్కెట్ (ప్లేట్లు అమరే గిన్నె) వేళ్ళమీద ప్లేట్లు కొట్టిన గాట్లు పడ్డాయేమో కవరు తీసి చూడవలసిందే.

సమస్య 2: కొన్ని మీటర్లు పోయాక నెమ్మదిగా లేవడం

ఇక్కడ శరీరమే కారణం. ఊపుకు చోదకుడు సీటుపై వెనక్కి జారి, పడిపోకుండా హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాడు. ఆ పట్టుతోపాటు బొటనవేలు కూడా బిగుసుకుని థ్రాటిల్ ఇంకా తెరుచుకుంటుంది. ముక్కు లేచేకొద్దీ బరువు మరింత వెనక్కి పోతుంది.

ఒక లెక్క వేసుకుంటే విషయం తేటపడుతుంది. బండి 180 కిలోలు, మనిషి 70 కిలోలు, ఇద్దరి ఉమ్మడి గరిమనాభి వెనుక యాక్సిల్‌కు 55 సెంటీమీటర్లు ముందు, నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. త్వరణం గురుత్వ త్వరణంలో 55ను 70తో భాగించినంత, అంటే సుమారు 0.79 వంతు దాటగానే ముందు చక్రాలు లేస్తాయి. మనిషి 20 సెంటీమీటర్లు ముందుకు, 15 సెంటీమీటర్లు కిందికి వంగితే ఆ హద్దు దాదాపు 0.92 అవుతుంది. పైసా ఖర్చు లేకుండా 17 శాతం అదనపు ఊపు వాడుకునే వీలు దొరికిందన్నమాట. ఈ లెక్కలో స్ప్రింగు గట్టితనం ఎక్కడా రాలేదని గమనించాలి. స్ప్రింగులూ, వాటి ఊగును అణచే డ్యాంపింగూ ముక్కు ఎంత త్వరగా లేస్తుందన్నదాన్ని మార్చగలవు తప్ప, బరువు వెనక్కి మారే మొత్తాన్ని పెద్దగా మార్చలేవు.

కాబట్టి సీటు ముందు అంచుకు జరిగి, మోచేతులు పైకెత్తి, గడ్డం హ్యాండిల్‌బార్ మీదికి వచ్చేలా వంగి, మోకాళ్ళతో ట్యాంకును బిగించి పట్టుకోవాలి. చేతులు బండిని నడపాలి కానీ శరీరాన్ని మోయకూడదు. చెమటకు సీటు జారుతుంటే గరుకు సీటు కవరు వేయించుకోవడం స్ప్రింగు మార్చడం కంటే చవకైన పని. ముక్కు లేవడం మొదలైనప్పుడు వెనుక బ్రేకును తేలికగా తాకితే కిందికి దిగుతుంది. అప్పుడు హ్యాండిల్ తిన్నగా ఉండాలి, వంకరగా దిగితే బండి పక్కకు బోల్తా పడే ప్రమాదం ఉంది.

ఇంత చేసినా లేస్తుంటే, ముందు షాకుల ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగానే నొక్కి ఉంచే బిగువు) ఎక్కువై ముక్కు ఎత్తుగా నిలిచిందేమో చూసి కొద్దిగా తగ్గించవచ్చు. ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను పెంచడమూ పనిచేస్తుంది. ఒకసారికి ఒక మార్పే చేయాలి.

సమస్య 3: గేరు మార్చినప్పుడు లేవడం

థ్రాటిల్ పూర్తిగా నొక్కి ఉంచి క్లచ్‌ను తటాలున వదలడం దీనికి కారణం. మార్చే క్షణంలో బొటనవేలిని కాస్త సడలిస్తే సరిపోతుంది.

సమస్య 4: ఒక పక్కే లేవడం, బండి పక్కకు లాగడం

సాధారణంగా రేసు క్వాడ్‌కు వెనుక డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే అమరిక) ఉండదు, రెండు చక్రాలూ ఒకే యాక్సిల్‌కు బిగించి ఉంటాయి. ఒక టైరులో గాలి తక్కువైతే దాని చుట్టుకొలత తగ్గి బండి ఆ వైపు లాగుతుంది. ఈ టైర్లలో సాధారణంగా 5 పీఎస్‌ఐ ప్రాంతంలోనే గాలి ఉంటుంది, పెట్రోలు బంకు గేజీ అంత తక్కువను నమ్మదగినట్టు చూపదు, తక్కువ పీడనాల గేజీ కొనుక్కోవాలి. ఉదయం 25 డిగ్రీల్లో 5 పీఎస్‌ఐ పెట్టిన టైరు మధ్యాహ్నం 45 డిగ్రీలకు వేడెక్కితే 6.3 దాకా చేరుతుంది. కాబట్టి ఎండలో నిలిచిన వైపు టైరును, నీడలో ఉన్న వైపు టైరును ఒకే సమయంలో, పరుగుకు ముందే చూసి సమం చేయాలి.

సమస్య 5: ముక్కు లేవదు, కానీ వెనుక చక్రాలు ఊరికే తిరుగుతాయి

మరీ ముందుకు వంగారన్నమాట. నడుమును ఒక బెత్తెడు వెనక్కి జరిపి మళ్ళీ ప్రయత్నించాలి. వానకాలంలో తడి ఎర్రమట్టి టైరు గాడుల్లో నిండిపోతే మాత్రం ఎంత జరిగినా లాభం లేదు, గాడులను శుభ్రం చేసుకోవడమే దారి.