విల్లుతో జింక వేట, 6వ పాఠం: బాణం వదిలాక

పోయిన పాఠంలో గురి దగ్గర ఆగాం. ఈ పాఠమంతా ఒక్క సాయంత్రం కథ. ఆ రోజు నేనూ నా మిత్రుడూ అమెరికా అడవుల్లో తిరిగే వైట్‌టెయిల్ (తెల్లతోక) జింకల కోసం వెళ్లాం. లైసెన్సులు, ట్యాగులు (వేటాడిన జింకకు కట్టే అనుమతి చీటీలు) జేబులో ఉన్నాయి. ఇద్దరి మంచెలకూ మధ్య సుమారు వంద గజాల దూరం. సాయంత్రం చల్లబడే కొద్దీ గాలి పల్లానికి జారుతుందని 4వ పాఠంలో చెప్పుకున్నాం కదా, అందుకే జింకలు దిగివచ్చే దారికి మేం దిగువన కూర్చున్నాం.

పొద్దు వాలుతుండగా ఒక ఆడ జింక వచ్చి 22 గజాల దగ్గర నాకు అడ్డంగా నిలబడింది. ముందుకాలికి కాస్త వెనక, పొట్ట గీత నుంచి మూడో వంతు ఎత్తులో గురి పెట్టాను. ఇంకా పైకి పెట్టకపోవడానికి కారణం ఉంది. బాణం సెకనుకు 280 అడుగుల వేగంతో వెళ్తుందనుకోండి. 20 గజాలు దాటడానికి సెకనులో అయిదో వంతు కన్నా కాస్త ఎక్కువే పడుతుంది. వింటినారి చప్పుడు మాత్రం సెకనులో ఇరవయ్యో వంతులోనే జింక చెవిలో పడుతుంది. అది పరుగు అందుకోవడానికి ముందు కాళ్లు మడిచి కిందికి కుంగుతుంది. పైకి గురి పెడితే బాణం వీపు మీదుగా పోతుంది. 40 గజాల దగ్గర ఆ వ్యవధి రెట్టింపు అవుతుంది. అందుకే కొత్తవాళ్లు 20 గజాలు దాటి బాణం వేయొద్దని పదేపదే చెబుతున్నాను.

బాణం వదిలాను. జింక వెనక కాళ్లు ఎగరేసి, ఒళ్లు నేలకు దగ్గరగా వంచి దూసుకుపోయింది. ఇక్కడి నుంచే ఈ పాఠం.

మొదట కదలకండి. జింక నిలబడిన చోటు, చివరిసారి కనిపించిన చోటు, రెండింటికీ ఒక్కో చెట్టునో బండనో గుర్తు పెట్టుకోండి. చెవులు రిక్కించి వినండి. కింద పడిన చప్పుడు చాలాసార్లు వినిపిస్తుంది. గడియారం చూడండి. మంచె దిగి నేల మీద నిలబడితే మీరు చూసిన అడవే వేరుగా కనిపిస్తుంది. పైనుంచి పెట్టుకున్న గుర్తులే అప్పుడు దిక్కు.

నాకు చేతులు వణుకుతున్నాయి. చీకటి పడుతోంది, జాడ పోతుందేమోనని టెన్షన్. దిగబోతుంటే ఫోన్‌లో మిత్రుడి మెసేజ్ వచ్చింది: "దిగకురా. అరగంట ఆగు. జింక ఎటు పోయిందో నేను చూశాను." ఆ సాయంత్రం నాకు అందిన గొప్ప సాయం అదే. ఇద్దరు రెండు వైపుల నుంచి చూస్తే జింక పోయిన దారి ఖాయంగా తెలుస్తుంది. వేట పట్టనివాడి మాట ఆ క్షణంలో నా చెవికెక్కేది కాదు, తనూ వేటగాడే కాబట్టి విన్నాను.

అరగంట తర్వాత దిగి ముందు బాణం వెతికాం. బాణాన్ని చదవడం రావాలి. లేత ఎరుపు నెత్తురు, అందులో చిన్న బుడగలు ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు. అరగంట ఆగితే చాలు. ముదురు ఎరుపయితే కాలేయం కావచ్చు, కనీసం నాలుగు గంటలు ఆగాలి. పచ్చటి పసరు, దుర్వాసన ఉంటే పేగులు. అప్పుడు నిశ్శబ్దంగా వెనక్కి వచ్చేసి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలి. సాయంత్రం తగిలితే మర్నాడు పొద్దున్నే వెళ్లాలన్నమాట. తొందరపడి తరిమితే గాయపడిన జింక పడుకున్న చోటి నుంచి లేచి చాలా దూరం పోతుంది, ఎక్కడో ఎవరికీ దొరకకుండా చస్తుంది. మన బాణం తిన్న జీవికి అలాంటి చావు రానివ్వకూడదు.

మా బాణం మీద బుడగలున్నాయి. హెడ్‌ల్యాంప్‌లు వేసుకున్నాం. జాడ తొక్కకుండా పక్కన నడిచాం. మిత్రుడు చివరి నెత్తురు చుక్క దగ్గర నిలబడితే నేను తర్వాతి చుక్క వెతికేవాణ్ణి. అది దొరికే వరకు అతను అక్కడి నుంచి కదలడు. ప్రతి చుక్క దగ్గరా కొమ్మకు చిన్న టేపు ముక్క కట్టాం. వెనక్కి తిరిగి చూస్తే ఆ ముక్కల వరుసే దారి చూపింది. ఆకుల మీది మచ్చ నెత్తురో కాదో తేలకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లండి, నెత్తురయితే నురగ వస్తుంది.

డెబ్బై గజాల లోపే దొరికింది. వెనక నుంచి వెళ్లి పొడవాటి కర్రతో కనుగుడ్డు తాకాను. రెప్ప కదల్లేదు. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత ట్యాగ్ కట్టి, వెంటనే పొట్ట కోసి శుభ్రం చేసే పనిలో పడ్డాం. మాంసం త్వరగా చల్లబడాలి, ఆ పద్ధతి 7వ పాఠంలో.

అభ్యాసం: బీట్‌రూట్ రసాన్ని నీళ్లలో కలిపి మీ స్నేహితుడికి ఇవ్వండి. మీరు చూడకుండా అతను చెట్ల మధ్య వంద గజాల మేర అక్కడక్కడా చుక్కలు వేయాలి, రెండు చోట్ల దారి మలుపు తిప్పాలి, ఒక చోట పది గజాలు చుక్క లేకుండా వదిలేయాలి. చీకటి పడ్డాక హెడ్‌ల్యాంప్‌తో, టేపు ముక్కలు కడుతూ చివరి చుక్క దాకా వెళ్లండి. మర్నాడు మీరు స్నేహితుడికి జాడ వేయండి.