జిప్ సాఫ్ట్‌వేర్ కొనాలా? ముందు మీ ఇబ్బంది ఏమిటో చూసుకోండి

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే పర్లాకిమిడిలో మా డీటీపీ షాపుకి రోజంతా పెన్‌డ్రైవులు వస్తూనే ఉంటాయి. శుభలేఖ ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒడియా. ఫొటోలేమో ఆల్బం ప్రింటింగ్‌కి శ్రీకాకుళం వెళ్లాలి. అంతా జిప్, రార్ ఫైళ్ల మీదే నడుస్తుంది, అంటే చాలా ఫైళ్లను ఒక్కటిగా కట్టి కుదించిన మూటల మీద. "అన్నా, ఏది కొనమంటావు?" అని స్టూడియో కుర్రాళ్లు అడుగుతుంటారు. నీకు వచ్చిన ఇబ్బంది ఏమిటని ముందు నేనే అడుగుతాను. చాలా ఇబ్బందులకి డబ్బుతో పని లేదు. ఒక్కదానికి ఉంది.

సమస్య: జిప్ చేసినా సైజు తగ్గడం లేదు

జేపీజీ, ఎంపీ4 ఫైళ్లు పుట్టుకతోనే కుదించి ఉంటాయి. వాటిని ఏ సాఫ్ట్‌వేరూ ఇంకా పెద్దగా పిండలేదు. వర్డ్ డాక్స్ ఫైలు కూడా లోపల జిప్పే. ఒక కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి, లోపల ఫోల్డర్లు కనిపిస్తాయి. ఫొటోలు పంపేటప్పుడు 'స్టోర్' పద్ధతి (కుదించకుండా ఊరికే మూట కట్టేది) పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. సైజు నిజంగా తగ్గాలంటే ఫొటోనే చిన్నది చేయాలి. దీనికోసం పైసా ఖర్చు పెట్టకండి.

సమస్య: పెన్‌డ్రైవులో జాగా ఉన్నా పెద్ద ఫైలు కాపీ అవ్వదు

పెన్‌డ్రైవు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేయండి, లోపల ఉన్నవి ముందు వేరేచోట దాచుకుని. లేదా సెవెన్-జిప్ అనే జిప్ సాఫ్ట్‌వేర్‌లో ముక్కలు చేయండి. ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి మొదటిదాన్ని తెరవాలి. ఒక్కటి తప్పినా మొత్తం విప్పుకోదు.

సమస్య: తెలుగు, ఒడియా పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయి

పాత సాఫ్ట్‌వేర్ పేర్లను యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే పద్ధతిలో) దాచలేదు. జిప్ చేసేటప్పుడే అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతే వేరే దానితో తెరిచినా తిరిగి రావు. పంపినవాళ్లనే కొత్త వెర్షన్‌తో మళ్లీ చేయమనండి.

సమస్య: సీఆర్‌సీ ఎర్రర్, ఫైలు పాడైంది

నేను ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. మూట కట్టినప్పుడు ఉన్నదీ విప్పినప్పుడు వచ్చిందీ సరిపోలకపోతే ఈ ఎర్రర్ వస్తుంది. ఇప్పుడే డౌన్‌లోడ్ చేసిన ఫైలైతే భయం లేదు, సగంలో ఆగిపోయి ఉంటుంది. సైజు సరిచూసి మళ్లీ దించుకోండి. పాత హార్డ్ డిస్కులో దాచిన ఫైలుకి ఇలా వస్తే మాత్రం వేరే కథ.

ఒక ఇంటి పెళ్లి ఫొటోలు రార్ చేసి దాచాను. రెండేళ్ల తర్వాత వాళ్ల నానమ్మ పోయింది. ఫ్రేము కట్టించడానికి ఆమె ఫొటో కావాలని వచ్చారు. ఆమె ఒక్కరే ఉన్నది ఆ పెళ్లిలో తీసినది ఒక్కటే. తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్. పాడైన ఫైళ్లను కూడా ఉంచమని టిక్ పెట్టి విప్పాను. నుదుటి బొట్టు దాకా బాగానే ఉంది, దాని కింద అంతా బూడిదరంగు. వాళ్లకి ఏం చెప్పాలో నాకు నోరు రాలేదు.

రార్ ఫైళ్లు తయారుచేసే విన్‌రార్ సాఫ్ట్‌వేర్‌లో 'యాడ్ రికవరీ రికార్డ్' అనే టిక్ ఒకటుంది. అది పెడితే ఫైలు కొద్దిగా పెరుగుతుంది, మామూలుగా 3 శాతం. ఆ మేరకు దెబ్బతిన్న భాగాన్ని 'రిపేర్' బటన్ తిరిగి కడుతుంది. కొత్త ఫైలు పేరు ముందు 'ఫిక్స్‌డ్' అని వస్తుంది. 'రీబిల్ట్' అని వచ్చిందంటే లోపల రికార్డు లేదనో, ఉన్నా అది సరిచేయలేనంత పెద్ద దెబ్బనో అర్థం. ఉచితంగా దొరికే సెవెన్-జిప్ రార్ ఫైళ్లను విప్పుతుంది గానీ తయారుచేయలేదు, ఈ రికార్డూ పెట్టలేదు. పైగా దాని 7జెడ్ పద్ధతి ఫైళ్లను కలిపి కుదిస్తుంది కాబట్టి ఒకచోట దెబ్బ తగిలితే వెనకున్నవి కూడా పోవచ్చు.

ఏళ్ల తరబడి జనం ఫొటోలు దాచే స్టూడియో అయితే విన్‌రార్ కొనండి. 40 రోజుల ట్రయల్ అయిపోయాక కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, కానీ దాంతో సంపాదించుకుంటున్నప్పుడు లైసెన్సు తీసుకోవడం న్యాయం. పంపడం, విప్పడం వరకే అయితే సెవెన్-జిప్ చాలు. షాపుల్లో వాడినా దానికి డబ్బు కట్టక్కర్లేదు.

సమస్య: రార్ విప్పాక కంప్యూటర్‌లో వైరస్

క్రాక్ చేసిన పాత విన్‌రార్ ఉందేమో చూడండి. 2023లో 6.23 వెర్షన్‌తో, 2025లో 7.13 వెర్షన్‌తో వైరస్‌కి దారిచ్చే పెద్ద లొసుగులు పూడ్చారు. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. హెల్ప్ మెనూలో వెర్షన్ చూసి, అధికారిక సైట్ నుంచే కొత్తది దించుకోండి.

రికవరీ రికార్డు ఉంది కదా అని ఒకే డిస్కులో దాచకండి. డిస్కే చనిపోతే అదీ పోతుంది. నేనైతే 5 శాతం రికార్డు పెట్టి రెండు డిస్కుల్లో ఉంచుతున్నాను. రెండోది ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఏడాదికోసారి దీపావళి ముందు షాపు దులిపే రోజున రెండింటినీ 'టెస్ట్' బటన్‌తో సరిచూస్తాను.